కొలతల మాస్టారుతో ప్రశ్నలు జవాబులు: మా 33 మీటర్లు ఎవరు మింగారు?

ప్రశ్న: మాస్టారూ, మాది పర్లాకిమిడి, పొలం మాత్రం బోర్డరు దాటాక పాతపట్నం వైపు ఉంది. తాతగారి నాటి ఎఫ్ఎంబీ (సర్వే వాళ్ళ పొలం కొలతల స్కెచ్చు) కాపీ ఒకటి బయటపడింది, అందులో ఒక గీత మీద 318, అడ్డంగా 210 అని ఉంది, పక్కన యూనిట్ ఏమీ రాయలేదు. మా బావ ఫోన్ యాప్‌లో ఫీట్ అని కొడితే 318కి 96.93 మీటర్లు వచ్చింది, మొన్న రోవర్ (శాటిలైట్ సిగ్నళ్ళతో కొలిచే పరికరం) పెట్టి కొలిస్తే 63.82 మాత్రమే ఉంది. 33 మీటర్లు పక్క రైతు కలిపేసుకున్నాడని ఇంట్లో గొడవ. కేసు వెయ్యమంటారా?

జవాబు: ముందు ఆ యాప్ పక్కన పెట్టండి బాబూ, పక్క రైతుని తర్వాత అందాం. అవి అడుగులు కావు, లింకులు. పాత మద్రాసు పద్ధతి స్కెచ్చుల్లో కొలతలన్నీ గంటర్ చైను అనే కొలత గొలుసు లింకుల్లోనే వేసేవారు (1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా మీ పర్లాకిమిడి కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే కదా). 1620 ప్రాంతంలో ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లీషాయన పెట్టిన లెక్క అది, చైను 66 అడుగులు, అందులో 100 లింకులు, అంటే లింకుకి 7.92 అంగుళాలు, మీటర్లలో 0.201168. ఇప్పుడు 318ని దాంతో గుణించండి, 63.97 వస్తుంది. 210 అయితే 42.25.

నా మాట నమ్మక్కర్లేదు, మీ కాగితమే చెబుతుంది. దాని మీద విస్తీర్ణం ఎంత రాసి ఉందో చూడండి. లక్ష చదరపు లింకులైతే ఎకరం, గంటర్ చైనులో ఉన్న అందమంతా అదే. 318 ఇంటూ 210 అంటే 66,780, పాయింటు అయిదు స్థానాలు వెనక్కి జరిపితే 0.6678 ఎకరం, మాటవరసకి 67 సెంట్లు. అవే అడుగులైతే ఎకరంన్నర దాటాలి. కాగితం మీద 67 సెంట్లు అనుంటే మీ ఇంట్లో గొడవ అయిపోయినట్టే.

మరి 63.97కీ 63.82కీ మధ్య 15 సెంటీమీటర్లు ఎక్కడికి పోయాయని అడుగుతారు, అడగాలి కూడా. నేను కుర్రతనంలో చైను ఈడ్చినవాణ్ణే. ప్రతి పది లింకులకీ ఒక ఇత్తడి బిళ్ళ వేలాడుతుంది, 10 దగ్గరి బిళ్ళకి పంటిలాంటి మొన ఒకటి, 20కి రెండు, అలా 40కి నాలుగు, 50 దగ్గర గుండ్రంది, అక్కణ్ణుంచి మళ్ళీ తిరగబడి 60కి కూడా నాలుగు పళ్ళే. ఎటు చివర పట్టుకున్నా చదవచ్చని అలా చేశారుగానీ మిట్టమధ్యాహ్నం బురదలో నిలబడినవాడు 60ని 40 అని రాసేసిన సందర్భాలు బోల్డు. దానికితోడు రింగులు అరిగితే చైను సాగుతుంది, అప్పుడు ఉన్నదానికన్నా తక్కువ లెక్క పడుతుంది, గట్టు మీద ఎత్తుపల్లాల్లో అలాగే పరిచి కొలిస్తే ఎక్కువ పడుతుంది. పైగా రాసింది పూర్తి లింకుల్లోనే, అంటే అటో పది ఇటో పది సెంటీమీటర్లు పుట్టుకతోనే తేడా. కాబట్టి క్యాలిక్యులేటర్ 63.971424 చూపించిందని ఆ అంకెలన్నీ కాగితం మీద దించకండి, చివరి అంకె వెంట్రుక మందం కన్నా చిన్నది. గుణించేటప్పుడు 0.201168 పూర్తిగా వాడండి, రౌండ్ చేసేది మాత్రం చివర్లోనే.

ఇంకో మాట, లింకు అనగానే 20 సెంటీమీటర్లే అని వేసేస్తారు కొందరు. అది 20 మీటర్ల మెట్రిక్ చైను లింకు. దాంతో వేస్తే మీ 318కి 63.6 వచ్చి 37 సెంటీమీటర్లు తగ్గుతుంది. ఇంజినీర్ల వంద అడుగుల చైనులోనైతే లింకు అంటే అడుగే. అందుకే కాగితం కాలం చూసుకోవాలి, మన దగ్గర మెట్రిక్ మొదలైంది 1958 అక్టోబరులో.

ప్రశ్న: బరంపురంలో ప్లాటు చూస్తున్నాం. హైదరాబాద్‌లో మా అక్క గుంట అంటే 121 గజాలే అంటోంది, ఇక్కడ బ్రోకర్ ఇంకా చాలా ఎక్కువ అంటున్నాడు. మోసమా?

జవాబు: ఇద్దరూ నిజమే చెప్తున్నారమ్మా. అక్కడ ఎకరానికి 40 గుంటలు, ఒడిశాలో 25. ఇక్కడి గుంట 4 డెసిమల్స్ (డెసిమల్ అంటే ఎకరంలో వందో వంతు, మన సెంటే), అంటే 193.6 చదరపు గజాలు. మీరు మాత్రం అగ్రిమెంట్‌లో డెసిమల్స్‌లోనే రాయించుకోండి.

ప్రశ్న: సర్, నాది గుణుపురం, డ్రాయింగ్ ఆఫీసులో పని. సాఫ్ట్‌వేర్‌లో ఫుట్, యూఎస్ సర్వే ఫుట్, ఇండియన్ ఫుట్ అని వరసగా వస్తున్నాయి. ఏది పెట్టినా ఒకటేనా?

జవాబు: ఇంటి స్థలానికైతే ఒకటే అనుకో నాన్నా. 1959 జులై నుంచి ఇంటర్నేషనల్ ఫుట్ సరిగ్గా 0.3048 మీటర్లు. ఇండియన్ ఫుట్ 1975 విలువ 0.3047995. కిలోమీటరుకి మిల్లీమీటరున్నర తేడా, పొలం గట్టు మీద చీమ కూడా పట్టించుకోదు. కానీ పాత సర్వే ఆఫ్ ఇండియా గ్రిడ్డు (నిలువు అడ్డం గళ్ళ లెక్క) మ్యాపు ఎక్కించావా, కథ మారిపోతుంది. ఆ గ్రిడ్డులో తూర్పు వైపు లెక్క సున్నా నుంచి కాదు, 30 లక్షల గజాల నుంచి మొదలవుతుంది. అది ఇండియన్ గజాల్లో 27,43,195.5 మీటర్లు, మామూలు గజాల్లో 27,43,200. యూనిట్ ఒక్కటి తప్పు నొక్కితే మ్యాపు మొత్తం నాలుగున్నర మీటర్లు పక్కకి పోతుంది. ఒక్క గీత కూడా వంకర పోదు కాబట్టి కంటికి దొరకదు, అందుకని తెలిసిన సర్వే రాయి ఒకటి రోవర్‌తో పట్టుకుని దాని మీద మ్యాపు కూర్చుందో లేదో చూశాకే ప్రింట్ తియ్యి.