డార్క్ ట్రాంక్విలిటీ ‘ఎండ్‌టైమ్ సిగ్నల్స్’: మెటల్ సంగీతానికి కొత్తవాళ్లు వినొచ్చా?

తప్పకుండా వినండి. 1989లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో మొదలైన ఈ బ్యాండ్‌కి ఇది 13వ ఆల్బమ్, 2024 ఆగస్టులో వచ్చింది. వీళ్లది మెలోడిక్ డెత్ మెటల్ అనే శైలి. అందులో గొంతు గర్జిస్తుంది, గిటార్ మాత్రం రాగం పలుకుతుంది. ఆ రెంటి మధ్య మార్టిన్ బ్రాండ్‌స్ట్రోమ్ కీబోర్డ్ దిగులుగా పరుచుకోవడమే వీళ్ల ప్రత్యేకత. తొలినాటి సభ్యుల్లో ఇప్పుడున్నది గాయకుడు మికేల్ స్టానే ఒక్కరే. బాస్, డ్రమ్స్‌కి కొత్తవాళ్లొచ్చినా ఆ బాణీ చెదరలేదు.

ఈ ఆల్బమ్‌లో నన్ను బాగా కదిలించిన పాట ‘వన్ ఆఫ్ అజ్ ఈజ్ గాన్’. 2022లో చనిపోయిన మాజీ గిటారిస్టు ఫ్రెడ్రిక్ యోహాన్సన్‌కి అది నివాళి. స్టానే అందులో గర్జన పక్కనపెట్టి మామూలు గొంతుతో పాడారు. మీరు దానితోనే మొదలుపెట్టండి. ఆ తర్వాత వీళ్ల 1995 నాటి ఆల్బమ్ ‘ది గ్యాలరీ’ వినండి, ఫ్రెడ్రిక్ గిటార్ ఏమిటో తెలుస్తుంది.