బస్తా పక్కన నిలబడి నేర్చుకోవలసిన మాటలు

హనుమకొండ

చిరంజీవి తమ్మునికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కథ చదివాను. నర్సంపేట వైపు నుంచి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిన రైతు, అతని వెంట వచ్చిన డిగ్రీ చదివే కొడుకు, దారి పొడుగునా డబ్బు ఊసెత్తకుండా ఇద్దరూ మాట్లాడుకున్న తీరు చక్కగా కుదిరాయి. మొదటి పుటలో వేలు పెట్టవలసిన చోటు నాకు కనబడలేదు. వాళ్లు మార్కెట్ గేటు దాటిన తర్వాతనే కథ పత్రికా వార్తలా మారిపోయింది. 'కమీషన్ ఏజెంటు', 'కొనుగోలుదారు', 'తూకం సిబ్బంది' అని రాశావు. అవి తప్పు మాటలేమీ కావు, కాని ఆ యార్డులో బస్తాల నడుమ తిరిగేవాళ్లు అట్లా పిలుచుకోరు. అక్కడ ఉండేది, నువ్వు రాసిన వరసలోనే, అడ్తిదారు, ఖరీదుదారు, దడ్వాయి, వాళ్లతో పాటు బస్తాలు మోసే హమాలీ. ఒకచోట మార్కెట్‌ను 'విపణి' అని కూడా రాశావు. ఆ ఒక్క మాటతోనే నువ్వు బస్తా పక్కన నిలబడి చూడలేదని చదివేవాడికి తెలిసిపోతుంది.

అయితే ఆ మాటలు తీసి ఈ మాటలు పెడితే పని అయిపోయిందనుకోవద్దు. పనిచోటి మాటను అది ఎవరు, ఎవరితో, ఏ ఘడియలో అంటారో దానితో కలిపి నేర్చుకోవాలి. మిర్చి యార్డులో పొద్దున జరిగే జెండా పాటనే తీసుకో. ఆ రోజు వచ్చిన సరుకులో మేలైన రాశికి ఖరీదుదారులు పాడిన పై ధరను జెండా పాట ధర అంటారు. మిగతా బస్తాల ధర దాన్ని చూసుకుని, కాయ రంగును బట్టి, తేమను బట్టి, నాసిరకపు తాలు కాయ ఎంత కలిసిందన్న దాన్ని బట్టి మెట్టు మెట్టుగా దిగుతుంది. ఖరీదుదారు బస్తాలోకి మోచేతి దాకా చేయి పోనిచ్చి అడుగు నుంచి గుప్పెడు కాయ తీసి, అరచేతిలో పరిచి, ఒక కాయ విరిచి చూసేటప్పుడు రైతు కళ్లు ఆ చేతి మీదనే ఉంటాయి. కాంటా దగ్గర దడ్వాయి పలికిన తూకం, ఒప్పుకున్న ధర, హమాలీ కూలి వంటి ఖర్చుల కోత, చివరకు చేతికి రావలసిన మొత్తం, ఇవన్నీ ఎక్కేది తక్‌పట్టీ అనే చీటీ మీద. నీ కథలో రైతు 'ధర చాలా తక్కువగా లభించింది' అని బాధపడ్డాడు. అక్కడి రైతు అయితే జెండా పాట ఎంత పోయింది, నాకు పడ్డది ఎంత అని అడుగుతాడు. ఆ వాక్యంలో అతని కోపమూ ఉంది, లెక్కా ఉంది. వరంగల్ ముఖం చూడని పాఠకుడికి కూడా కింద వివరణ లేకుండానే అర్థమవుతుంది.

పత్తి రైతు గురించి రాసే రోజు వస్తే ఇంకొకటి గమనించు. భారత పత్తి సంస్థ పూర్తి మద్దతు ధర కట్టేది 8 శాతం తేమకు. 12 శాతం దాకా కోత పెట్టి కొంటుంది, అది దాటితే తీసుకోదు. అందుకే కొనుగోలు కేంద్రం ముందు నిలబడిన రైతు తేమ ఎక్కువ వచ్చిందని ఊరుకోడు, మీటరులో ఎంత చూపిందో అంకెతో సహా చెబుతాడు.

తహశీల్దారు కార్యాలయం మాటలకు కాలం కూడా ముడిపడి ఉంటుంది. మన తెలంగాణ జిల్లాల్లో భూమి తగాదా రాసేవాడు పహాణీ (భూమి, సాగు వివరాల రికార్డు), విరాసత్ (వారసుల పేరు మీదికి భూమి మార్పు), సాదా బైనామా (రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితపు అమ్మకం) అన్న మాటలను తప్పించుకోలేడు. నిజాం కాలపు దస్తావేజుల నుంచి అవి మన వాడుకలోనే ఉన్నాయి. ఆంధ్ర ప్రాంతపు కథల్లో చూసి పహాణీని 'అడంగల్' అని రాస్తే ఇక్కడి రైతు నవ్వుకుంటాడు. 1954-55 నాటి ఖాస్రా పహాణీలో తాత పేరు ఉన్నదా లేదా అన్నది ఈనాటికీ ఇళ్లలో నడిచే చర్చే. ఊరి భూమి లెక్కలు రాసే పట్వారీ వ్యవస్థ 1984లో పోయింది, మండలాలు 1985లో వచ్చాయి, వీఆర్వోలను, అంటే గ్రామ రెవెన్యూ అధికారులను, 2020లో తీసేశారు. 1975లో జరిగే కథలో 'మండల కార్యాలయం' కనబడితే పెద్దవాళ్లు పుస్తకం మూసేస్తారు. 2022 కథలో వీఆర్వో పొలం మీదికి వస్తే కుర్రవాళ్లు మూసేస్తారు. అయితే ముసలి రైతు నేటికీ రెవెన్యూ మనిషిని పట్వారీ అనే పిలవవచ్చు. సంభాషణలో అది ఒప్పు, నీ కథనంలో తప్పు. ఈ తేడా పట్టుకోవడమే కష్టమైన పని, కాని నీకు చెవి ఉంది.

సింగరేణి ఊళ్లలో చుట్టాలున్నారని రాశావు కాబట్టి ఒక్క మాట. మస్టర్ (హాజరు), నాగా (పనికి పోని రోజు), ప్లేడే (వారపు సెలవు రోజు) అన్న మాటలు గని మీద ఎంత వినబడతాయో ఇంటి వంటగదిలోనూ అంతే వినబడతాయి. నెలలో ఎన్ని నాగాలు పడ్డాయో కార్మికుడి కంటే ముందు అతని భార్య లెక్కపెడుతుంది. గని లోపలికి దిగకుండానే నువ్వు రాయగలిగిన కథ అక్కడ ఉంది.

ఎలా నేర్చుకోవాలని అడిగావు. ఫోను బయటికి తీసి రికార్డు చేయవద్దు. దాన్ని చూడగానే మనుషులు టీవీ భాష మొదలుపెడతారు. ఏదో ఒక పనితో పో, మీ ఊరి రైతు ట్రాక్టరు ఎక్కి బస్తాలకు కాపలాగా పో. పాత తక్‌పట్టీలు, జీతం చిట్టీలు దాచుకున్నవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు, అడిగితే చూపిస్తారు. విన్న మాటను విడిగా రాసుకోకుండా, అది దొర్లిన వాక్యం మొత్తాన్ని, పక్కన ఎవరు ఎవరితో అన్నారో రాసుకో. అడ్తిదారును రైతు ఎదురుగా సేటు అని పిలిచి, బయట టీకొట్టు దగ్గర ఇంకోలా అనవచ్చు. ఆ రెండో పిలుపు కోసమే నువ్వు టీకొట్టు దగ్గర ఇంకో గంట కూర్చోవాలి. సేకరించినవన్నీ ఒకే కథలో కుమ్మరించకు. పుస్తకం చివర పదకోశం పెట్టే అలవాటు నాకు నచ్చదు. దానితో రచయిత తన బాధ్యతను పాఠకుడి నెత్తిన పెట్టినట్టవుతుంది.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో మిర్చి బాగా వస్తుంది, అప్పుడు యార్డుకు పో. కథ మొదటి పుట ముట్టుకోకు. గేటు దాటిన దగ్గరి నుంచి తిరగరాసి పంపు. ఆ డిగ్రీ చదివే కొడుకు చేతికి తక్‌పట్టీ ఇచ్చి, తండ్రికి చదివి వినిపించమను.

ఇట్లు,
మీ అన్న