పరపతి అంటే అప్పూ, పేరూ కూడా

ప్రశ్న: మాది విజయవాడ పటమట. డల్లాస్ వచ్చి మూడేళ్లయింది. మా బాబాయి గారికి తెలిసిన బిల్డరు ఒకరు తాడేపల్లి వైపు ఫ్లాట్లు కడతారట. అనుమతులు ఇంకా రాలేదు గానీ, ఇప్పుడే మొత్తం కడితే అడుగు ఆరు వేలది నాలుగు వేలకే ఇస్తామంటున్నారు. ఇక్కడ ఆఫీసు మిత్రుడేమో పదిమంది డబ్బు కలిపి కొనే ఒక అపార్ట్‌మెంట్ సముదాయంలో వాటా తీసుకోమంటున్నాడు. ఇద్దరూ మంచి పేరున్నవాళ్లేనట. ఎవరిని నమ్మమంటారు?

జవాబు: ‘మంచి పేరున్నవాళ్లేనట’ అన్నారు. ఆ మాట ఒకటి బాబాయి గారి నోట, మరొకటి మిత్రుడి నోట వచ్చింది. వాళ్లలో ఎవరైనా ఆ మనుషుల దగ్గర పెట్టిన డబ్బు తిరిగి పుచ్చుకున్నారా? ముందు అది కనుక్కోండి.

మా నాన్నగారు గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసేవారు. రైతులకు పెట్టుబడి ఇచ్చేవారు, తెలిసినవాళ్లకు నోటు మీద అప్పులిచ్చేవారు. ఎవరైనా వచ్చి నూటికి మూడు రూపాయల వడ్డీ ఇస్తానంటే ఆయన ఇచ్చేవారు కాదు. “పేరున్నవాడికి రూపాయిన్నరకే పుడుతుంది. ఇతను మూడెందుకు ఇస్తానంటున్నాడు?” అనేవారు. మన భాషలో పరపతి అంటే అప్పు, పరపతి అంటే పలుకుబడి కూడా. ఊళ్లలో సహకార పరపతి సంఘాల బోర్డులు చూసే ఉంటారు. ఆ రెండు అర్థాలూ ఒకే మాటలో ఎందుకు ఇమిడాయో నాకు నాన్నగారి దగ్గరే తెలిసింది.

మీ తాడేపల్లి లెక్క కూడా అలాగే చూడండి. మూడేళ్లలో ఆరు వేల విలువైనది ఇస్తానని ఇవాళ నాలుగు వేలు తీసుకుంటే, మీ డబ్బుకు నెలకు నూటికి దాదాపు రూపాయి నలభై పైసల వడ్డీ ఇస్తున్నట్టు. మీరు ఫ్లాటు కొనడం లేదు, తాకట్టు లేకుండా అప్పు ఇస్తున్నారు. బ్యాంకు అయితే స్థలం తాకట్టు పెట్టమంటుంది, లెక్కలు చూపమంటుంది. మీరు అడిగింది బాబాయి గారి మాట ఒక్కటే.

పైగా చట్టం కూడా దీన్ని ఒప్పుకోదు. 2016 రెరా చట్టం (బిల్డర్ల మీద నిఘాకు తెచ్చిన స్థిరాస్తి చట్టం) ప్రకారం స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా నమోదు చేయించకుండా ప్రకటించకూడదు, అమ్మకూడదు. అమ్మకపు ఒప్పందం రిజిస్టరు కాకముందు ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. కొనుగోలుదారులు కట్టిన దానిలో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచి, ఆ స్థలానికీ నిర్మాణానికీ మాత్రమే వాడాలి. నమోదైందో లేదో ఏపీ రెరా వెబ్‌సైటులో మీరే చూసుకోవచ్చు. అది లేకుండా ఒక్క రూపాయి కూడా పంపకండి. బాబాయి గారు బాధపడితే పడనివ్వండి.

నమోదు ఉన్నంత మాత్రాన మనిషి ఎలాంటివాడో తెలియదు. అందుకు నేను అడిగే ప్రశ్న ఒకటుంది: 2019 డిసెంబరులో ఏం చేశాడు? మూడు రాజధానుల మాట వచ్చాక తాడేపల్లి, మంగళగిరి చుట్టూ కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. ఆ వెంటనే కరోనా వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు నేనూ ఆ ప్రాంతంలో రెండు చోట్ల డబ్బు పెట్టి ఉన్నాను. ఒకాయన ఫోను ఎత్తడం మానేశారు. రెండో ఆయన నెలకోసారి కొనుగోలుదారులను పిలిచి, సగం లేచిన భవనం ముందు కుర్చీలు వేయించి, ఎంత వచ్చిందో ఎంత ఖర్చయిందో కాగితం మీద చూపేవారు. “ఇప్పుడు డబ్బు లేదు, పారిపోను” అనేవారు. ఫ్లాటు మూడేళ్లు ఆలస్యంగా చేతికొచ్చింది. ఆ మధ్యకాలంలో అద్దె రూపంలో నాకు నష్టమే. అయినా ఆయన మళ్లీ కడితే మళ్లీ కొంటాను. అంతా సాఫీగా సాగిన రోజుల్లో ఆ ఇద్దరికీ పేరు ఒక్కలాగే ఉండేది.

పేరు ఎంత మంచిదైనా ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) తీయించడం, లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) చదివించడం, రిజిస్ట్రేషన్ కుదరని ఆస్తుల 22ఏ నిషేధిత జాబితా చూడడం తప్పదు. వకీలు మీరు పెట్టుకున్నవారై ఉండాలి, బిల్డరు చూపినవారు కాదు. పొలం కొనమని ఎవరైనా అంటే ఎన్నారైలకు అది కుదరదని చెప్పండి.

ఇక డల్లాస్ సంగతి. అక్కడా అదే ప్రశ్న, కాలం మాత్రం వేరు. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ వడ్డీ 2022 మార్చిలో సున్నాకు దగ్గరగా ఉండి, 2023 జులై కల్లా ఐదు శాతం దాటింది. మారే వడ్డీకి అప్పు తెచ్చి అపార్ట్‌మెంట్లు కొన్నవాళ్లలో చాలామంది అప్పుడు చిక్కుల్లో పడ్డారు. మీ మిత్రుడు చెప్పే నిర్వాహకుడు ఆ రోజుల్లో వాటాదారులకు ఏమని ఉత్తరాలు రాశాడో చూపించమనండి. కౌంటీ రికార్డుల్లో ఆస్తుల మీద అప్పులు, కోర్టు కేసులు వెతకండి. మిమ్మల్ని చేర్చినందుకు మిత్రుడికి ఏమైనా అందుతుందా అని మొహమాటం లేకుండా అడగండి. ఇలాంటి వాటాల్లో చాలావాటిని బహిరంగంగా ప్రకటించి అమ్మే వీలు ఉండదు, పరిచయాల మీదే నడుస్తాయి. అందుకే మన వాట్సాప్ బృందాల్లో, సత్యనారాయణ వ్రతాల దగ్గర అంతగా తిరుగుతాయి.

మీరు అడగలేదు గానీ, మీ పేరు గురించీ ఒక మాట. నేను అమెరికా వచ్చినప్పుడు గుంటూరులో నాన్నగారికి ముప్పై ఏళ్ల పరపతి ఉంది. అమెరికా బ్యాంకు ముందు అది పనికి రాలేదు. 500 డాలర్లు డిపాజిట్ కట్టి మొదటి క్రెడిట్ కార్డు తీసుకున్నాను. ఇక్కడ అప్పు ఇచ్చేవాళ్లు చూసే ఫైకో స్కోరు 300 నుంచి 850 వరకు ఉంటుంది, అందులో 35 శాతం సకాలంలో కట్టిన చరిత్రదే. నెల దాటిన ఒక్క ఆలస్యం ఏడేళ్లు మీ నివేదికలో కనిపిస్తుంది. స్కోరునైతే కాలం బాగుచేస్తుంది. మీరు నమ్మి చేరి, మీ బావమరిదినీ రూమ్మేట్లనూ కూడా చేర్చారనుకోండి. వాళ్లు బిల్డరును చూసి డబ్బు పెట్టరు, మిమ్మల్ని చూసి పెడతారు. నా మిత్రుడొకరు అలా పెదనాన్న కొడుకులు ముగ్గుర్ని తెచ్చారు, వాళ్ల డబ్బు మునిగింది. చట్టప్రకారం ఆయన బాకీ ఏమీ లేదు. అయినా నాలుగేళ్లుగా జీతంలోంచి నెలనెలా వాళ్లకు పంపుతున్నారు. గుంటూరు అరండల్‌పేటలో వాళ్లింట జరిగిన పెళ్లికి మాత్రం వెళ్లలేకపోయారు.

ఇప్పుడు చేయాల్సింది ఒకటే. ఆ బిల్డరు ఏడెనిమిదేళ్ల క్రితం కట్టిన భవనం కానూరులోనో పోరంకిలోనో ఉంటుంది. బాబాయి గారిని అక్కడికి వెళ్లమనండి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కాపురానికి ప్రభుత్వ అనుమతి పత్రం) చేతికిచ్చారా, లిఫ్టు చెడిపోతే పలికారా, అవిభాజ్య వాటా (స్థలంలో ఒక్కో ఫ్లాటుకు వచ్చే వంతు) అందరికీ సరిగ్గా రిజిస్టరు చేశారా అని అసోసియేషన్ కార్యదర్శినీ కాపలాదారునీ అడగమనండి. సాయంత్రం ఏడు దాటాక వెళ్తే అందరూ ఇళ్లలో ఉంటారు.