నెట్టు గుట్టు: మోకాలి నూనె ప్రకటనలు వదలడం లేదా?

ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా ప్రకటనల బాధే. అందుకని మిగతావి వచ్చే సంచికకు వాయిదా వేశాను.

మోకాళ్ల నొప్పులకు ఏం చేయాలని ఒక్కసారి గూగుల్లో వెతికాను. అప్పటి నుంచి పేపరు చదువుదామని ఏ సైటు తెరిచినా నూనెలు, పట్టీలు, బెల్టులే. మా అల్లుడు గూగుల్ బదులు డక్‌డక్‌గో అనే సెర్చ్ ఇంజిన్‌కి మారమంటున్నాడు. మారితే ఈ బెడద వదులుతుందా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, నరసాపురం

సగమే వదులుతుంది మాస్టారూ. మీ అల్లుడు చెప్పింది మంచిదే గానీ, ముందు చేయాల్సిన పని అది కాదు.

వెతికాక మీరు రెండు మూడు సైట్లు తెరిచి చదివి ఉంటారు కదా. ఆ పేజీల్లో ప్రకటనల కంపెనీలు పెట్టుకున్న చిన్న చిన్న కోడ్ ముక్కలు ఉంటాయి. వాటినే ట్రాకర్లు అంటారు. ఫలానా ఫోన్‌లో మోకాలి నొప్పి పేజీ చదివారని అవి రాసిపెట్టుకుంటాయి. మర్నాడు మీరు పేపరు సైటు తెరిస్తే అక్కడా అదే కంపెనీ కోడ్ ఉంటుంది. మిమ్మల్ని ఆనవాలు పట్టి నూనె సీసా చూపిస్తుంది. డక్‌డక్‌గోలో వెతికినా, నొక్కాక మీరు వెళ్లేది ఆ సైట్లకే. కాబట్టి ముందు ట్రాకర్లను ఆపాలి.

ఆండ్రాయిడ్ ఫోన్ అయితే ప్లే స్టోర్ నుంచి ఫైర్‌ఫాక్స్ అనే బ్రౌజర్ వేసుకోండి. ఫోన్‌లో ఉండే క్రోమ్‌కి ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కి అదనపు పనులు నేర్పే చిన్న ప్రోగ్రాములు, తగిలించే వీలు లేదు, దీనికి ఉంది. మూడు చుక్కల మెనూలో ఎక్స్‌టెన్షన్స్ అని ఉంటుంది. అందులో ప్రకటనలనూ ట్రాకర్లనూ ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే బ్లాకర్ పక్కనున్న ప్లస్ గుర్తు నొక్కి, అనుమతి అడిగితే సరే అనండి. ఇక సెట్టింగులు ముట్టుకోనక్కర్లేదు. ఒక్కటి మాత్రం చూసుకోండి: పేరులో 'ఆరిజిన్' ఉండాలి. రేమండ్ హిల్ అనే ఆయన 2014లో మొదలుపెట్టి ఉచితంగా ఇస్తున్నది అదే, విరాళాలు కూడా పుచ్చుకోడు. వట్టి 'యూబ్లాక్' పేరుతో దొరికేది వేరేవాళ్లది.

ఇంకో మాట. మా రిపేరు షాపుకి 'ప్రకటనలు ఆగట్లేదు' అంటూ వచ్చే ఫోన్లలో చాలావాటికి బ్రౌజర్‌తో సంబంధమే ఉండదు. లాక్ తీయగానే తెరంతా ప్రకటన పడుతోందంటే, ఏ టార్చి యాపో, బ్యాటరీ సేవరో, ఫోన్ శుభ్రం చేస్తానని చెప్పుకునే క్లీనరో లోపల కూర్చుని ఉందన్నమాట. దానికి మందు అన్‌ఇన్‌స్టాల్ ఒక్కటే. ఫోన్‌లో పుట్టుకతోనే టార్చి ఉండగా మళ్లీ టార్చి యాప్ ఎందుకో నాకిప్పటికీ అంతుపట్టదు.

చూసినవాటి చిట్టా ఫోన్‌లో మిగలకుండా చేసే ఇన్‌కాగ్నిటోలో చూస్తే సరిపోదా?
– డిగ్రీ విద్యార్థిని, అనంతపురం

తమ్ముడు చూడకుండా ఉంటే చాలనుకుంటే బ్రహ్మాండంగా సరిపోతుందమ్మా. నెట్ ఇచ్చే కంపెనీకి, మీరు తెరిచిన సైటుకి మాత్రం అది అడ్డు కాదు. ఈ సంగతి మీదే 2020లో అమెరికాలో గూగుల్ మీద దావా పడింది. 2024లో రాజీకొచ్చి, అలా పోగైన వందల కోట్ల రికార్డులు చెరిపేయడానికి ఆ కంపెనీ ఒప్పుకుంది.

డక్‌డక్‌గో, బ్రేవ్, స్టార్ట్‌పేజ్... వీటిలో దేన్ని నమ్మొచ్చు? తెలుగులో వెతకడానికి ఏది పనికొస్తుంది?
– గ్రంథాలయ ఉద్యోగి, వరంగల్

డక్‌డక్‌గో 2008 నుంచి ఉంది. ఫలితాలు చాలావరకు మైక్రోసాఫ్ట్ వారి బింగ్ నుంచి తెచ్చుకుంటుంది. ప్రకటనలు వేస్తుంది గానీ, అప్పుడు మీరు టైప్ చేసిన మాటను బట్టే వేస్తుంది, నిన్నటి మీ వెతుకులాటను బట్టి కాదు. దాని మీద మచ్చ లేకపోలేదు. దాని బ్రౌజర్ యాప్ మైక్రోసాఫ్ట్ ట్రాకర్లు కొన్నింటిని చూసీచూడనట్టు వదిలేస్తోందని 2022లో బయటపడింది. గొడవయ్యాక వాటినీ ఆపడం మొదలుపెట్టారు. అది బ్రౌజర్ సంగతి. సెర్చ్ వరకు నాకు పేచీ లేదు.

స్టార్ట్‌పేజ్ నెదర్లాండ్స్‌ది. మీ ప్రశ్నను తానే తీసుకెళ్లి గూగుల్ లాంటి పెద్ద ఇంజిన్లను అడిగి, అడిగింది మీరని చెప్పకుండా జవాబు తెచ్చిస్తుంది. బ్రేవ్ సెర్చ్ 2021లో వచ్చింది, సొంతంగా పేజీల సూచిక తయారు చేసుకుంది. కాగీ అని ఇంకోటుంది, ప్రకటనలు బొత్తిగా లేవు. కానీ దానికి నెలనెలా డాలర్లు కట్టాలి. ఆ ఊసు మనకొద్దు.

తెలుగు లిపిలో వెతికితే నా చేతికి నప్పింది స్టార్ట్‌పేజే. ఊరి పేరు, పంట తెగులు పేరు కలిపి తెలుగులో కొడితే డక్‌డక్‌గో తడబడుతుంది, సంబంధం లేని ఇంగ్లిష్ పేజీలు ముందు పెడుతుంది. ఇక 'ఈ టైముకి తెరిచి ఉండే మందుల షాపు' లాంటివాటికి గూగుల్ మ్యాప్స్ వాడకుండా గడవదు, వదిలేయమని చెప్పను కూడా. జబ్బులు, అప్పులు, ఇంటి గొడవలు, పిల్లల సంబంధాలు... పక్కింటివాళ్లకు చెప్పుకోలేని ప్రశ్న ఏదైనా సరే, దానికి మాత్రం వేరే ఇంజిన్ తెరవండి. గూగుల్ అకౌంట్‌లోని 'మై యాక్టివిటీ'లో పాతవి చెరిపేసి, ఆటో డిలీట్‌ని మూడు నెలలకు పెట్టుకోండి.

గ్యాస్ బుకింగ్ ఫెయిలైతే కస్టమర్ కేర్ నంబరు కోసం వెతికి, మొట్టమొదట వచ్చిన దానికి ఫోన్ చేశాను. ఏదో యాప్ వేయించి ఖాతాలో తొమ్మిది వేలు లాగేశారు. అది కంపెనీ నంబరు కాదు, ఎవరో డబ్బు కట్టి వేయించుకున్న ప్రకటన అని తర్వాత మా అబ్బాయి చెప్పాడు. బ్లాకర్ ఉండుంటే తప్పేదా?
– గృహిణి, ఖమ్మం

ముందు డబ్బు సంగతి చూడండమ్మా. ఇంకా చేయకపోతే ఇప్పుడే 1930కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, బ్యాంకుకూ చెప్పండి. వాళ్లు వేయించింది మీ తెర వాళ్లకు కనిపించేలా చేసే యాప్ అయి ఉంటుంది. దాన్ని తీసేసి, యూపీఐ పిన్ మార్చండి. పిన్ మార్చడం యాప్ తీశాకే, ముందు కాదు.

మీ ప్రశ్నకు జవాబు: తప్పే అవకాశం ఎక్కువ. సెర్చ్‌లో పైన 'స్పాన్సర్డ్' అని చిన్న అక్షరాలతో వచ్చేవి యూబ్లాక్ ఆరిజిన్ ఉంటే అసలు కనిపించవు. పేరున్న కంపెనీల ముసుగులో మోసగాళ్లు సెర్చ్ ప్రకటనలు కొంటున్నారని అమెరికా ఎఫ్‌బీఐ 2022 డిసెంబరులో హెచ్చరిస్తూ, వెతికేటప్పుడు యాడ్ బ్లాకర్ వాడమని జనానికి చెప్పింది. నా మటుకు నాకు బ్లాకర్ పెట్టుకోవడానికి ప్రైవసీ కన్నా ఇదే పెద్ద కారణం.

అయితే దొంగ నంబర్లు ప్రకటనల్లోనే కాదు, మామూలు ఫలితాల్లోనూ, మ్యాప్స్‌లోనూ దూరుతున్నాయి. గ్యాస్ నంబరు మీ గ్యాస్ పుస్తకం మీద ఉంటుంది, బ్యాంకుది ఏటీఎం కార్డు వెనక ఉంటుంది. వాటిని ఈ రోజే ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

ల్యాప్‌టాప్‌ క్రోమ్‌లో యూబ్లాక్ ఆరిజిన్ దానంతటదే ఆగిపోయింది. ఏం చేయాలి?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గచ్చిబౌలి

ఎక్స్‌టెన్షన్ల నిబంధనలను గూగుల్ మార్చింది. మ్యానిఫెస్ట్ వీ3 అన్నది అదే. 2024 నుంచి పాత పద్ధతివాటిని వరసగా ఆపేస్తూ వచ్చింది. క్రోమ్ వదలలేకపోతే యూబ్లాక్ ఆరిజిన్ లైట్ వేసుకోండి, బలం కాస్త తక్కువ. వదలగలిగితే ఫైర్‌ఫాక్స్.

అమ్మానాన్న గుంటూరులో ఉంటారు. వాళ్ల ఫోన్లలో ఎక్స్‌టెన్షన్లూ అవీ పెట్టించడం నా వల్ల కాదు. తేలిక దారి ఏదైనా ఉందా?
– డాలస్ నుంచి ఒక పాఠకుడు

ఉంది. ఆండ్రాయిడ్ 9, ఆ పైన ఉన్న ఫోన్లన్నిటిలో ప్రైవేట్ డీఎన్‌ఎస్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. సైటు పేరు చెబితే దాని చిరునామా వెతికిచ్చే ఏర్పాటే డీఎన్‌ఎస్. అందులో యాడ్‌గార్డ్ వారి ఉచిత డీఎన్‌ఎస్ పేరు ఒక్కసారి టైప్ చేస్తే చాలు, యాప్‌ల లోపలి ప్రకటనలు కూడా చాలావరకు పోతాయి. వీడియో కాల్‌లో నాన్నగారిచేత మీరే చేయించొచ్చు. ముందే చెప్పి ఉంచండి, యూట్యూబ్ ప్రకటనలు మాత్రం పోవు. వీడియో వచ్చే చోటు నుంచే అవీ వస్తాయి కాబట్టి డీఎన్‌ఎస్ వాటిని విడదీయలేదు. లేకపోతే 'నువ్వు చెప్పింది పనిచేయలేదురా' అని రాత్రికి ఫోన్ వస్తుంది. ఎక్కడైనా వైఫై కలవకపోతే ఆ సెట్టింగ్‌ని ఆటోమేటిక్‌కి మార్చమనండి.

నేనొక చిన్న తెలుగు సైటు నడుపుతున్నాను. ప్రకటనల మీద వచ్చే డబ్బుతోనే సర్వర్ బిల్లు కడుతున్నాను. మీరేమో అందరినీ బ్లాకర్లు పెట్టుకోమంటున్నారు. న్యాయమేనా?
– సైటు నిర్వాహకుడు, తిరుపతి

మీ బాధ నిజమేనండీ. కానీ చదివే వ్యాసాన్ని కప్పేసి, మూసే గుర్తు ఎక్కడుందో వెతుక్కునేలా చేసే ప్రకటనలు కూడా మీరన్న ప్రకటనల్లోనే ఉన్నాయి. మర్యాదగల ప్రకటనలను వదిలేద్దామని యాడ్‌బ్లాక్ ప్లస్ వాళ్లు 2011లో ఒక పద్ధతి పెట్టారు. కానీ ఆ జాబితాలో ఉండటానికి పెద్ద కంపెనీల దగ్గర డబ్బు తీసుకుంటున్నారు, అందుకే నాకది రుచించలేదు. పాఠకులకు నేను చెప్పేది ఇది: రోజూ చదివే, నచ్చిన సైటు ఉంటే, అక్కడ యూబ్లాక్ ఆరిజిన్ తెరిచి పెద్ద పవర్ బటన్ నొక్కండి. ఆ ఒక్క సైటుకే బ్లాకర్ ఆగిపోతుంది. మీరు కూడా పేజీ అడుగున ఆ మాట రాసి, పక్కనే ఒక యూపీఐ క్యూఆర్ కోడ్ పెట్టి చూడండి.