ఆటోమేటిక్ కారుని తాడు కట్టి లాగించవచ్చా? మాకు జరిగింది చెప్తాను

మీ ఆటోమేటిక్ కారు సెల్లార్‌లో స్టార్ట్ కాకుండా ఆగిపోయింది, వర్క్‌షాప్ 8 కిలోమీటర్లు, న్యూట్రల్‌లో పెట్టి తాడుతో లాగిస్తే గేర్‌బాక్స్‌కి ఏమైనా అవుతుందా అని అడిగారు. అవుతుంది. దయచేసి ఆ పని చేయకండి. "న్యూట్రల్‌లో పెడితే ఏం కాదు" అని మీకు కనీసం నలుగురు చెప్పి ఉంటారు. మాకూ చెప్పారు.

మూడేళ్ల కిందట, భోగికి ముందు రోజు. నాన్నని తీసుకుని హైదరాబాద్ నుంచి నందిగామ దగ్గర మా ఊరికి బయల్దేరాను. పండగ రద్దీ ఎలా ఉంటుందో ఆ దారిన వెళ్లేవాళ్లకి చెప్పక్కర్లేదు, పంతంగి టోల్ దాటడానికే గంటకు పైగా పట్టింది. ఫాస్టాగ్ ఉండి కూడా ఇలా పాక్కుంటూ వెళ్లాల్సి రావడం నాకు ఇప్పటికీ ఒళ్లు మండే విషయం. సూర్యాపేట దాటి మునగాల దగ్గరికి వచ్చేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత మీదికి పోయింది. పక్కకి ఆపి బానెట్ ఎత్తితే ఆవిరి. రేడియేటర్ కింది గొట్టం చీలిపోయి కూలెంట్ మొత్తం రోడ్డు మీద పోయింది.

నిజానికి అది చాలా చిన్న రిపేరు. గొట్టం ఖరీదు వెయ్యి రూపాయలు కూడా లేదు.

ఇన్సూరెన్స్ వాళ్ల రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కి ఫోన్ చేస్తే బండి రావడానికి నాలుగు గంటలు పడుతుందన్నారు. అప్పటికే చీకటి పడుతోంది. "పండగ పూట ఈ రోడ్డు మీద ఎంతసేపురా, ఎవర్నైనా అడుగు" అని నాన్న ఒకటే టెన్షన్. అంతలో ఖాళీగా వెళ్తున్న బొలెరో పికప్ ఒకటి దానంతటదే ఆగింది. ఆ అబ్బాయి దిగి చూసి, "న్యూట్రల్ల ఏస్కో అన్నా, కోదాడ దాకా గుంజుకపోతా" అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

డిక్కీలో స్టెప్నీ పక్కన పనిముట్ల సంచిలో ఉండే టో హుక్ తీశాం. ముందు బంపర్‌కి ఉన్న చిన్న మూత ఊడదీసి ఆ హుక్‌ని స్క్రూలా తిప్పి బిగించాం, నైలాన్ మోకు కట్టాం. అంతవరకూ అంతా సరిగ్గానే చేశాం. స్టీరింగ్ లాక్ పడకుండా తాళం ఆన్‌లోనే ఉంచాను, ఇండికేటర్లు వేశాను. ఇంజిన్ ఆగి ఉంటే బ్రేక్ పెడల్ బండరాయిలా ఉంటుంది, రెండు కాళ్లతో తొక్కాలనిపిస్తుంది. స్టీరింగ్ కూడా అంతే బరువు. ముందు బండి కాస్త నెమ్మదించగానే మోకు వదులై రోడ్డుకి తగిలేది, మళ్లీ అతను ఎక్సిలేటర్ తొక్కగానే ఒక్క కుదుపు. ప్రతి కుదుపుకీ నాన్న డాష్‌బోర్డ్ పట్టుకునేవారు. నా కళ్లన్నీ ఆ మోకు మీదే. గంటకి 50 పైనే వెళ్లాం. కోదాడలో దిగాక డబ్బులివ్వబోతే ఆ అబ్బాయి తీసుకోలేదు, "పండగకి పోతున్నరు, పైసలెందుకన్నా" అని వెళ్లిపోయాడు. ఆ అబ్బాయి మీద నాకు ఈ రోజుకీ ఒక్క చెడు మాట లేదు. మంచి మనసుతోనే చేశాడు. అతనికీ తెలియదు, నాకూ తెలియదు.

గొట్టం మార్పించుకుని రాత్రికి ఇంటికి చేరాం. పండగ అయ్యాక హైదరాబాద్ కూడా వచ్చేశాం, బానే ఉంది. మూడో వారంలో మొదలైంది. డ్రైవ్ (డి) గేర్‌లో పెట్టాక రెండు మూడు సెకన్లు కారు కదిలేది కాదు, తర్వాత వెనక నుంచి ఎవరో గుద్దినట్టు ఒక్క తోపు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తుంది, కారు మాత్రం ముందుకి పోదు.

గేర్‌బాక్స్ పని మాత్రమే చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఆయిల్ కొంచెం తెల్ల గుడ్డ మీద పోసి చూపించారు. కొత్తదైతే దానిమ్మ రసంలా ఎర్రగా ఉండాలట. ఇది డికాషన్ రంగులో ఉంది, మాడిన వాసన. వేళ్ల మధ్య రుద్దితే సన్నటి రజను తగిలింది. "ఎక్కడన్న తాడు గట్టి గుంజిచ్చిన్రా సార్?" అని ఆయనే అడిగారు, నేనింకా ఏమీ చెప్పకముందే.

ఆయన చెప్పింది ఇది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ లోపల ఆయిల్‌ని తిప్పడానికి ఒక పంపు ఉంటుంది. ఆ పంపుని తిప్పేది చక్రాలు కాదు, టార్క్ కన్వర్టర్ (ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ కలిపే భాగం) ద్వారా ఇంజిన్. ఇంజిన్ ఆగితే పంపు ఆగుతుంది. కానీ కారుని లాగుతుంటే ముందు చక్రాలు తిరుగుతాయి, వాటితో పాటు లోపలి షాఫ్టులూ గేర్లూ కొన్ని తిరుగుతూనే ఉంటాయి. న్యూట్రల్ అంటే ఇంజిన్ నుంచి శక్తి అందకపోవడమే, లోపల ఏదీ తిరగదని కాదు. ఆయిల్ ఒత్తిడి లేకుండా అవన్నీ ఎండుగా రాసుకుని వేడెక్కుతాయి. క్లచ్ ప్లేట్లు మాడతాయి, సీళ్లు గట్టిపడతాయి. సీవీటీ (గేర్లకి బదులు బెల్టు, పుల్లీలతో నడిచే ఆటోమేటిక్) అయినా అంతే, అందులో బెల్టు, పుల్లీలు పనిచేసేదే ఆయిల్ ఒత్తిడి మీద.

బిల్లు లక్షా నలభై వేలు. నాలుగు గంటలు ఆగి ఉంటే ఆ డబ్బు నా దగ్గరే ఉండేది.

షోరూముల మీద నాకున్న కోపం ఇక్కడే. కారు ఇచ్చేటప్పుడు టచ్‌స్క్రీన్‌కి ఫోన్ ఎలా కలపాలో అరగంట చూపిస్తారు, సన్‌రూఫ్ నాలుగుసార్లు తెరిచి మూస్తారు. దారిలో ఆగిపోతే ఎలా తరలించాలో ఒక్క మాట చెప్పరు. పుస్తకంలో ఉంటుంది కదా అంటారు. అది వందల పేజీల ఇంగ్లీషు పుస్తకం. ప్రెషర్ కుక్కర్‌తో కూడా తెలుగులో కాగితం వస్తుంది, పది లక్షల కారుకి ఎందుకు రాదు?

ఇంకో గందరగోళం ఉంది. మనవాళ్లు క్లచ్ పెడల్ లేని ప్రతి కారునీ ఆటోమేటిక్ అనే అంటారు. 2014లో సెలెరియోతో మన దగ్గర బాగా వ్యాపించిన ఏఎమ్‌టీ వేరు. అది లోపల మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్‌నీ గేర్‌నీ మనకి బదులు ఒక యంత్రం వేస్తుంది. నిజంగా న్యూట్రల్‌లో పడితే కొద్ది దూరం లాగినా తట్టుకుంటుంది. కానీ గేర్‌లో ఉండగా కరెంటు పోతే న్యూట్రల్‌లోకి రాదు, అప్పుడు లాగితే అదీ దెబ్బతినొచ్చు. అందుకే "మా బావ కారుని లాగించాం, ఏం కాలేదు" అని ఎవరైనా అంటే, ఆ బావది ఏ గేర్‌బాక్సో ముందు అడగండి.

తరలించేటప్పుడు మీ కారుకి ఇంజిన్ తిప్పే చక్రాలు రోడ్డుకి తగలకూడదు, అసలు విషయం అదొక్కటే. మన చిన్న కార్లలో ఎక్కువ వాటికి ఇంజిన్ తిప్పేది ముందు చక్రాలనే కాబట్టి ముందు భాగం ఎత్తి, హ్యాండ్‌బ్రేక్ దించి, వెనక చక్రాల మీద తీసుకెళ్లొచ్చు. వెనక నుంచి ఎత్తి ముందు చక్రాలు ఈడ్చారంటే నా కథే మళ్లీ. ఫోర్ వీల్ డ్రైవ్‌కీ ఎలక్ట్రిక్ కారుకీ నాలుగు చక్రాలూ పైనే ఉండాలి. ఎలక్ట్రిక్ కారులో చక్రం తిరిగితే మోటారు కూడా తిరిగి కరెంటు పుట్టిస్తుంది.

నన్నడిగితే ఏ కారుకైనా ఫ్లాట్‌బెడ్డే (కారు మొత్తాన్నీ పైకెక్కించుకుని తీసుకెళ్లే చదునైన బండి) పిలవండి. ఫోన్‌లో "కారు ఆటోమేటిక్, ఫ్లాట్‌బెడ్ కావాలి" అని రెండుసార్లు చెప్పండి, లేకపోతే కొక్కెం ఉన్న క్రేన్ వస్తుంది. నేషనల్ హైవే మీదైతే 1033కి ఫోన్ చేయొచ్చు. ఎక్కించేటప్పుడు దగ్గరే నిలబడండి. వించ్ (కారుని పైకి లాగే యంత్రం) తీగ టో హుక్‌కే తగిలించాలి, కింద సస్పెన్షన్ ఆర్మ్‌కి కాదు. న్యూట్రల్‌లో ఉంచి మెల్లగా లాగి, పైకెక్కాక పార్క్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ వేసి, టైర్ల మీదుగా బెల్టులు బిగించాలి.

ఇక మీ సెల్లార్ సంగతి. ఫ్లాట్‌బెడ్ లోపలికి రాదు. కారుని న్యూట్రల్‌లో పెట్టి ర్యాంప్ మొదటిదాకా నలుగురు నెడితే ఏమీ కాదు, ఆ నడక వేగానికి గేర్‌బాక్స్ వేడెక్కదు. ర్యాంప్ మాత్రం వించ్‌తోనే ఎక్కించండి, చేతులతో నెట్టొద్దు, జారితే ఇంజిన్ ఆగి ఉన్న కారుకి బ్రేక్ సరిగ్గా పట్టదు. గేర్ పార్క్‌లోంచి కదలకపోతే చాలా కార్లలో లివర్ పక్కన చిన్న మూత ఉంటుంది. బ్రేక్ తొక్కి పట్టుకుని, ఆ మూత తీసి, స్క్రూడ్రైవర్‌తో లోపల నొక్కుతూ లివర్ జరపాలి.

ఇదంతా చేయకముందు ఒక్కటి చూడండి. స్టార్ట్ కావడం లేదన్నారు గానీ ఎలా ఆగిందో రాయలేదు. తాళం తిప్పితే టిక్ టిక్ మని శబ్దం వచ్చి, డాష్‌బోర్డ్ లైట్లు మసకబారుతుంటే అది బ్యాటరీ అయ్యుంటుంది. పక్క ఫ్లాట్ వాళ్ల కారుతో జంపర్ కేబుల్స్ పెట్టి చూడండి. దాంతో స్టార్ట్ అయితే వర్క్‌షాప్‌కి మీరే నడుపుకుంటూ వెళ్లొచ్చు.