వాడి ఏడుపు సంగతి వాళ్లమ్మకు చెప్పండి

ప్రశ్న: మాది కడప. ఉద్యోగాలకు వెళ్లే తల్లుల పిల్లల్ని మా ఇంట్లోనే చూసుకుంటున్నాను. ముగ్గురు పెద్దపిల్లలతో ఏ ఇబ్బందీ లేదు. పోయిన నెలలో ఎనిమిది నెలల బాబు వచ్చాడు. వాళ్లమ్మ బ్యాంకులో పని చేస్తుంది. చంకలోంచి దించితే చాలు, గుక్క పట్టి ఏడుస్తాడు. ఏడవనప్పుడు కీచుమని అరుస్తుంటాడు. పై ఇంటివాళ్లు ఇప్పటికే రెండుసార్లు దిగొచ్చి అడిగారు. జలుబు మందు రెండు చుక్కలు పోస్తే పడుకుంటాడని మా అత్తమ్మ అంటోంది. సాయంత్రం వాళ్లమ్మ అడిగితే ‘బాగానే ఉన్నాడు’ అంటున్నాను. నిజం చెప్తే మాన్పిస్తుందేమోనని భయం. ఈ మధ్య నాకు చేతులు వణికేంత కోపం వస్తోంది. ఈ పని నాకు చేతకాదా?

జవాబు: అమ్మా, ముందు ఆ కోపం గురించి మాట్లాడుకుందాం. మిగతావన్నీ దాని తర్వాతే.

చేతులు వణికే స్థితి వచ్చిందంటే ఆ క్షణంలో బాబు మీ చేతుల్లో ఉండకూడదు. చుట్టూ ఏమీ లేని చోట చాప మీద వెల్లకిలా పడుకోబెట్టండి. పెద్దపిల్లలు దగ్గరికి రాకుండా చూసుకుని, వాడు కనబడేంత దూరంలో నిలబడి మొహం కడుక్కోండి, నీళ్లు తాగండి. నాలుగైదు నిమిషాలు ఏడిస్తే బిడ్డకు ఏమీ కాదు. కానీ విసుగులో పట్టుకుని గట్టిగా కుదిపితే మెదడులో రక్తస్రావం కావచ్చు, చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. కోపం వచ్చినంత మాత్రాన మీరు చెడ్డవారైపోరు. గంటల తరబడి ఏడుపు వింటే ఎంత ఓర్పు ఉన్నవాళ్లకైనా అట్లాగే ఉంటుంది. ఆ సంగతి దాచుకోకుండా రాశారు. అందుకే మీ చేతికి బిడ్డను అప్పగించవచ్చనే నమ్మకం నాకు కలిగింది.

జలుబు మందు మాట మీ ఇంట్లో ఇంక వినబడకూడదు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని సీసా మీద రాయాలని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. జబ్బు లేని పసివాడికి మత్తు కోసం పోయడం మరీ ప్రమాదం. ఈ విషయంలో అత్తమ్మతో వాదన పెట్టుకోవద్దు. ‘మీరు మీ పిల్లల్ని ఎట్లా జోకొట్టేవాళ్లు, వీడినొకసారి ఎత్తుకోండి’ అని అడగండి. మీకు రెండో మనిషి సాయం కావాలి. ఆవిడకు పెద్దరికం దక్కితే చాలు.

ఇక బాబు సంగతి. ప్రసూతి సెలవు చట్టం ప్రకారం 26 వారాల దాకా ఉంటుంది. దాన్ని కాన్పు తర్వాతే వాడుకుంటే, అది పూర్తై తల్లి ఉద్యోగంలో చేరేసరికి బిడ్డకు దాదాపు ఆరు నెలలు వస్తాయి. ఆ తర్వాత ఒకటి రెండు నెలల్లోనే అమ్మ వేరు, కొత్తవాళ్లు వేరు అని గట్టిగా తెలిసే వయసు మొదలవుతుంది. వెళ్లిన అమ్మ తిరిగి వస్తుందన్న ధైర్యం మాత్రం ఇంకా రాదు. మీ దగ్గరికి వాడు వచ్చింది సరిగ్గా ఆ సమయానికే. చంక దిగనని ఏడవడం మీ చేతకానితనానికి గుర్తు కాదు. ఈ కొత్త ఇంట్లో వాడికి తెలిసిన ఒకే ఒక్క మనిషిని వదలనంటున్నాడు. ఆ మనిషి మీరే.

కీచుమని అరవడం వేరే సంగతి. తన గొంతుతో ఏమేమి చేయొచ్చో వాడు కనిపెడుతున్నాడు. కళ్లల్లో నీళ్లు లేకుండా, మొహం వెలుగుతూ అరుస్తుంటే అది ఆటే. మీరూ గట్టిగా అరిచి ఆపాలని చూస్తే ఆట ఇంకా పెరుగుతుంది. దగ్గరికి వెళ్లి చిన్న గొంతుతో మాట కలపండి. వాడు వినడానికి ఆగుతాడు.

ఏడుపు మాత్రం ఎక్కువగా ఏ వేళల్లో వస్తోందో రాసి పెట్టుకోండి. ఈ వయసు పిల్లలకు పగలు, రాత్రి కలిపి 12 నుంచి 16 గంటల నిద్ర కావాలి. పెద్దపిల్లల గోల మధ్య పగటి నిద్ర చెడిపోతే, అలసిపోయిన బిడ్డ పడుకోడు, ఏడుస్తాడు. కళ్లు నలుపుకోవడం, మీ భుజంలో మొహం దాచుకోవడం కనబడగానే చీకటిగా ఉన్న గదిలోకి తీసుకెళ్లండి. ఏడ్చే బిడ్డను ఎత్తుకుని ఆగకుండా ఐదు నిమిషాలు నడిచి, నిద్రపోయాక మరో ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఒళ్లోనే ఉంచుకుని అప్పుడు పడుకోబెట్టమని జపాన్‌లోని రికెన్ సంస్థ పరిశోధకులు 2022లో సూచించారు. మనం చేసే పొరపాటు కన్ను మూత పడగానే దింపేయడం. మన ఒంటి నుంచి విడిపడిన ఆ క్షణాన చాలామంది పిల్లలు మళ్లీ లేస్తారు. చీర ఉయ్యాల కట్టి ఉంటే మీరు పక్కనే ఉన్నంతసేపే అందులో ఉంచండి. పెద్దపిల్లలు ఊపితే మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది.

మన ఎండలు కూడా మర్చిపోవద్దు. మెడ కింద, తొడల దగ్గర చెమటకాయలు ఉన్నాయేమో చూడండి. కాలివేళ్లకు తల వెంట్రుక బిగుసుకున్నా పిల్లలు ఆపకుండా ఏడుస్తారు. అది ఎవరికీ తట్టదు. జ్వరం, పాలు తాగకపోవడం, మూత్రం తగ్గడం, పచ్చటి వాంతి, విరేచనంలో రక్తం, ఏడుపు తీరే మారిపోవడం, వీటిలో ఏది కనబడినా వాళ్లమ్మకు ఫోన్ చేసి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కడప రిమ్స్ ఆసుపత్రి మీకు దగ్గరే కదా.

ఇప్పుడు మీరు తప్పించుకుంటున్న మాట దగ్గరికి వస్తాను. సాయంత్రం ‘బాగానే ఉన్నాడు’ అని చెప్పడం ఆపండి. మిమ్మల్ని లోపల నుంచి నలిపేస్తున్నది ఏడుపు కన్నా ఆ అబద్ధమే అని నాకు అనిపిస్తోంది. పైగా బిడ్డకు పనికొచ్చే విషయాలన్నీ వాళ్లమ్మ దగ్గరే ఉన్నాయి. సెలవు రోజు చూసి కూర్చోబెట్టి, ‘బాబు ఇంకా అలవాటు పడలేదమ్మా, పొద్దున చాలాసేపు ఏడుస్తున్నాడు. ఇంట్లో ఎవరు పడుకోబెడతారు, ఏం పాడతారు చెప్పండి, అట్లే చేస్తాను’ అనండి. ఇంట్లో జేజి (నానమ్మ) ఒళ్లోనే నిద్రపోయేవాడని తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. వారం పాటు పొద్దున ఒక అరగంట ఆమె మీ ఇంట్లో కూర్చోగలదేమో అడగండి. ఆమె కట్టిన చీర ఒకటి ఇవ్వమనండి. దాన్ని మీ భుజం మీద వేసుకుని ఎత్తుకుంటే వాసన పట్టి కుదుటపడతాడు. వెళ్లేటప్పుడు దొంగచాటుగా జారుకోవద్దని, ముద్దు పెట్టి చెప్పి వెళ్లమని చెప్పండి. చెప్తే ఏడుస్తాడు, నిజమే. చెప్పకుండా పోతే రోజంతా తలుపు వైపే చూస్తాడు.

పై ఇంటివాళ్లు మూడోసారి దిగేలోపు మీరే పైకి వెళ్లి, కొత్తగా వచ్చిన బిడ్డ అని, ఇంకొన్నాళ్లు ఓర్చుకోమని చెప్పండి.

ఇవన్నీ చేసినా ఒకటి రెండు నెలల్లో కొంచెం కూడా తగ్గకపోతే, నలుగురినీ ఒంటరిగా చూడటం మీ వల్ల కావడం లేదేమో ఆలోచించండి. అప్పుడు వేరే చోటు వెతుక్కోవడానికి వాళ్లమ్మకు తగినంత సమయం ఇచ్చి చెప్పండి. అప్పటివరకు చూసుకున్న రోజులకు మాత్రం మొహమాటపడకుండా ఫీజు అడిగి తీసుకోండి.