సమ్మర్ మ్యాథ్ క్యాంప్‌కి డిపాజిట్ కట్టే ముందు

మీ అబ్బాయి టెన్త్ గ్రేడ్‌లో ఉన్నాడనీ, హైదరాబాద్ నుంచి వచ్చి ఎనిమిది నెలలే అయిందనీ, రెండు వారాల మ్యాథ్ క్యాంప్‌కి 5,000 డాలర్లు అడుగుతున్నారనీ, శుక్రవారంలోగా డిపాజిట్ కట్టకపోతే సీటు పోతుందంటున్నారనీ రాశారు. కట్టకండమ్మా. నేను రాసిందంతా చదివాక కూడా కట్టాలనిపిస్తే అప్పుడు మీ ఇష్టం.

మాది తెనాలి. 2007లో వచ్చాం, ఇప్పుడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నాం. ఇవాళ సొంతిల్లుంది, పెద్దమ్మాయి ఉద్యోగం చేసుకుంటోంది, చిన్నవాడు కాలేజీలో ఉన్నాడు. ఇదంతా ఒక్క జీతం మీద మొదలుపెట్టి చేసుకొచ్చాం. బీఎస్సీ మ్యాథ్స్ చదివి కూడా నేను మా వారి ఉద్యోగం మీద వచ్చే హెచ్-4 డిపెండెంట్ వీసాతో పదేళ్ళు ఇంట్లోనే ఉన్నాను, అందుకే ఎప్పుడు ఏ డాలరు ఎక్కడికి పోయిందో నాకు ఇప్పటికీ గుర్తే.

2016లో మా అమ్మాయి ఎయిత్ గ్రేడ్ అయిపోయింది. ఇంటికి ఒక బ్రోచర్ వచ్చింది, పైన పెద్ద యూనివర్సిటీ పేరు, ఎర్ర ఇటుకల భవనం ఫొటో, మీకు వచ్చినట్టే గడువు. అప్లికేషన్‌లో పేరు, గ్రేడ్, కార్డు నంబరు తప్ప ఇంకేమీ అడగలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు సరికదా, మన పిల్లకి వెంటనే సీటొచ్చిందని సంబరపడ్డాను. 4,600 ఫీజు, పైన విమానం టికెట్లు. ఇండియా వెళ్ళడానికి నాలుగేళ్ళుగా దాచుకున్న డబ్బు తీసి కట్టాం. ఆ ఏడాది మా అమ్మని చూడ్డానికి వెళ్ళలేకపోయాను. ఏడ్చాను కూడా, కానీ పిల్ల చదువు కదా అని సర్దిచెప్పుకున్నాను.

తిరిగొచ్చిన రోజు ఎయిర్‌పోర్ట్ నుంచి వస్తూ కార్లోనే దాని బ్యాగు తెరిచి చూశాను. స్పైరల్ బైండింగ్ చేసిన పుస్తకం ఒకటి, ఒక టీషర్టు, ఒక సర్టిఫికెట్. పుస్తకంలో పేజీలు వంకరగా జిరాక్స్ తీసి ఉన్నాయి, ఒక్కో పేజీలో ఇరవై లెక్కలు, అన్నీ అది స్కూల్లో అప్పటికే చేసేసినవి. ఎవరు చెప్పారే పాఠాలు అంటే, ఎండాకాలం పనికి వచ్చిన ఒక కాలేజీ కుర్రాడట. ఆ యూనివర్సిటీకీ క్యాంప్‌కీ ఉన్న సంబంధం హాస్టల్ గదుల అద్దె వరకేనని తర్వాత తెలిసింది. కొత్తగా వచ్చినవాళ్ళకి యూనివర్సిటీ పేరు కనిపిస్తే చాలు, నమ్మేస్తారు. మేమూ అలాగే నమ్మాం.

అందుకే ముందు ఒక్కటి చూసుకోండి. చేర్చుకునే ముందు పిల్లాడి చేత లెక్కలు చేయిస్తున్నారా లేదా? అసలైన క్యాంపులు అప్లికేషన్‌తో పాటే కొన్ని కఠినమైన లెక్కలిస్తాయి, వాటి మీద వారాల తరబడి కూర్చోవాలి. ఆర్నాల్డ్ రాస్ 1957లో మొదలుపెట్టిన రాస్ ప్రోగ్రామ్ అలాంటిదే, ఆరు వారాలు దాదాపు అంతా నంబర్ థియరీయే, అంటే పూర్ణ సంఖ్యల గుణాల గురించిన లెక్కలే. 1989లో బోస్టన్ యూనివర్సిటీలో మొదలైన ప్రామిస్ (PROMYS) కూడా ఆ దారిలోదే, అదీ ఆరు వారాలు. కెనడా-యూఎస్‌ఏ మ్యాథ్‌క్యాంప్ ఐదు వారాలు, ఏ క్లాసులకి వెళ్ళాలో పిల్లలే ఎంచుకుంటారు. మా రాష్ట్రంలోనే శాన్ మార్కస్‌లో టెక్సస్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళ ఆనర్స్ సమ్మర్ మ్యాథ్ క్యాంప్ ఉంది, మా అమ్మాయి తర్వాత వెళ్ళింది దానికే. పోటీ లెక్కలంటే ఇష్టమైతే యూటీ డాలస్‌లో పాఠాలు చెప్పిన టిటు ఆండ్రీస్కు 2006లో పెట్టిన ఆసమ్‌మ్యాథ్ ఉంది, కానీ అది వేరే రకం చదువు. ఫీజులూ తేదీలూ వాళ్ళ సైట్లలో ఉంటాయి, చూసుకోండి. చాలావాటికి గడువు మార్చిలోనే. ఇప్పుడు జనవరే కాబట్టి మీకు టైముంది.

ఇక రెండో సంగతి, మీరు కూడా చేసే తప్పే అనిపించి రాస్తున్నాను. మీ అబ్బాయి అక్కడ ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్‌లో చదివాడన్నారు కదా. మన పిల్లలకి స్పీడ్ ఉంటుంది, ఆన్సర్ తెస్తారు, కానీ ఎందుకలా అయిందో నాలుగు వాక్యాల్లో రాయమంటే ఆగిపోతారు. ఈ క్యాంపులు అడిగేది ఆ నాలుగు వాక్యాలే. అప్లికేషన్ లెక్కలు బయటపెట్టకూడదు, అందుకని మా అమ్మాయి ప్రాక్టీసుకి చేసుకున్న పాత లెక్క ఒకటి చెబుతాను. 9 అంటే 4+5, 12 అంటే 3+4+5, ఇలా ఒక సంఖ్యని రెండో అంతకంటే ఎక్కువో వరస ధన సంఖ్యల (1, 2, 3... వీటిలోంచి) మొత్తంగా రాయొచ్చు. ఏ సంఖ్యల్ని అలా రాయలేం, ఎందుకు రాయలేం? అది రెండ్రోజులు కూర్చుని 1 నుంచి 40 దాకా ఒక్కోటీ రాసి, 1, 2, 4, 8, 16, 32 చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టింది. ఎందుకో మాత్రం తెలియలేదు, పెన్సిల్ కొరుకుతూ కూర్చుంది. నేను ఆగలేకపోయాను. కరెంటు బిల్లు కవరు వెనక మన ఇంటర్ సూత్రం రాశాను. మొదటి పదం, చివరి పదం కూడి, పదాల సంఖ్యతో గుణించి, సగం చెయ్యాలి కదా, ఆ గుణించే రెండింట్లో ఒకటి తప్పకుండా 1 కంటే పెద్ద బేసి సంఖ్య అవుతుంది, రెండుని రెండుతో గుణించుకుంటూ పోతే వచ్చే సంఖ్యల్లో 1 తప్ప బేసి కారణాంకం ఉండదు, అయిపోయింది. రెండు నిమిషాల్లో చెప్పేశాను. అది కవరు వంక చూసి, పెన్సిల్ కింద పెట్టి, గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నాకు వెంటనే అర్థం కాలేదు.

అసలు అప్లికేషన్‌లో కూడా ఒక లెక్కకి అలాగే చెప్పేశాను. అది ఆ కాగితం పైన “ఈ లెక్కలో మా అమ్మ సాయం చేసింది” అని రాసి పంపింది. నేను గొడవ పెట్టుకున్నాను, సీటు పోతుందని భయం. పోలేదు, 2017లో తీసుకున్నారు. సాయం తీసుకుంటే చెప్పాలని రూల్స్‌లోనే ఉంటుంది, చదవనిది నేనే. మీరు మాత్రం వాడు కూర్చున్న టేబుల్ దగ్గరికి వెళ్ళకండి, టీ ఇచ్చి వచ్చేయండి.

ఇప్పుడు అసలు విషయం, డబ్బు. ఆ అప్లికేషన్‌లో ఫైనాన్షియల్ ఎయిడ్ కావాలా అని ఒక గడి ఉంటుంది. మేం దాన్ని ఖాళీగా వదిలేశాం. మా వారు “మనకేం తక్కువ, ఒకళ్ళ ముందు చెయ్యి చాచడమెందుకు” అన్నారు, అడిగితే పిల్లకి సీటివ్వరేమోనని నా భయం నాది. పూర్తి ఫీజు కట్టాం, ఆ నెల కార్డు బిల్లు కట్టడానికి రెండు నెలలు పట్టింది. శాన్ మార్కస్‌లో పిల్లని దింపుతుంటే పార్కింగ్‌లో ఒక గుంటూరావిడ కలిసింది. వాళ్ళాయన జీతం కూడా ఇంచుమించు మాలాగే. వాళ్ళకి సగం తగ్గించారట! నాలుగు గంటల పైన డ్రైవ్, తిరిగి ఫ్రిస్కో వచ్చేదాకా మేమిద్దరం మాట్లాడుకోలేదు. మరుసటి ఏడాది గడి నింపాం, మాకూ సగానికి పైగా తగ్గించారు. మ్యాథ్‌క్యాంప్, ప్రామిస్ లాంటివి సీటివ్వడానికి మీ ఆదాయం చూడవు, ఆ సంగతి వాళ్ళే చెబుతారు. ఎయిడ్ అడగడం ముష్టి కాదమ్మా, ఆ డబ్బు మీలాంటివాళ్ళ కోసమే పక్కన పెడతారు. మీరు వచ్చింది ఈమధ్యే కాబట్టి పూర్తి ఏడాది టాక్స్ రిటర్న్ ఉండకపోవచ్చు, పే స్టబ్‌లు (జీతం స్లిప్పులు) దగ్గర పెట్టుకుని ఏం పంపమంటారో మెయిల్‌లో అడగండి, సిగ్గుపడొద్దు.

ఫీజు ఒక్కటే లెక్కేసుకోకండి. దూరమైతే విమానం, ఆరు వారాలకి బట్టలు, వాడి చేతిలో కాస్త ఖర్చు డబ్బు. పిల్లల్ని చూసుకునే ఖర్చుకి జీతంలోంచి టాక్స్ లేకుండా పక్కన పెట్టుకునే డిపెండెంట్ కేర్ ఆఫీసులో ఉంటుంది, దాని కింద పెట్టుకుందామని మా వారు ఎంతో ఆశపడ్డారు, పదమూడేళ్ళు దాటిన పిల్లలకి అది పనికిరాదు, రాత్రుళ్ళు ఉండే క్యాంపులకి అసలే పనికిరాదు. అందుకే నేనైతే కార్లో వెళ్ళగలిగే క్యాంపు ఒకటీ, ఎయిడ్ బాగా ఇచ్చే దూరంది ఒకటీ, రెండిటికే అప్లై చేయించమంటాను. ఐదారింటికి చేయిస్తే ఆ లెక్కలతో వాడి చదువంతా పోతుంది. వచ్చే ఏడాది ఎలెవెన్త్‌లో ఉంటాడు కాబట్టి ఎంఐటీలో జరిగే ఎండాకాలం పరిశోధన ప్రోగ్రామ్ ఆర్‌ఎస్‌ఐకి (రీసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్) ప్రయత్నించవచ్చు, అక్కడ చదువుకీ, ఉండడానికీ, తిండికీ ఫీజు లేదు, కానీ సీటు చాలా కష్టం, గడువు కూడా ఇంకా ముందే. నవంబరులో స్కూల్లో ఏఎంసీ అనే లెక్కల పోటీ పరీక్ష రాయించండి, ఫీజు కొద్దిపాటిదే.

అప్లికేషన్‌కి మ్యాథ్ టీచర్ దగ్గర సిఫారసు లెటర్ కావాలి. మీ వాడు స్కూల్లో చేరి కొన్ని నెలలే కాబట్టి టీచర్‌కి అంతగా తెలిసి ఉండడు, ఈ వారమే వెళ్ళి మాట్లాడమనండి.

ఏదీ రాకపోతే ఏం చేయాలని అడిగారు. మా చిన్నవాడికి రాలేదు. లైబ్రరీ నుంచి నంబర్ థియరీ పుస్తకం తెచ్చి ఆ ఎండాకాలం రోజుకి గంట చొప్పున ఇద్దరం కూర్చున్నాం, మిగిలిన డబ్బుతో డిసెంబరులో తెనాలి వెళ్ళొచ్చాం.

శుక్రవారం దాకా ఆగొద్దు, వాళ్ళకి వద్దని ఇవాళే మెయిల్ పెట్టేయండి. కార్డు నంబరు ఇప్పటికే ఇచ్చి ఉంటే బ్యాంకుకి కూడా ఒక ఫోన్ చేయండి.